అంగిలి చూసిన అద్దం

నేను ఒక అద్దాన్ని. అద్దం అనగానే మీరు జుట్టు సవరించుకోబోయారు కదూ, కాస్త ఆగండి. నేను ఆ బాపతు అద్దాన్ని కాను. నా ముఖం రూపాయి బిళ్ళంత ఉంటుంది, దానికి జానెడు ఉక్కు కాడ. పళ్ళ డాక్టరు కుర్చీలో ఎప్పుడైనా కూర్చుని ఉంటే నన్ను మీరు చూసే ఉంటారు. నేను దగ్గరికి వస్తుంటే సగం మంది కళ్ళు మూసుకుంటారు, మిగతా సగం మంది నెత్తి మీది దీపం వంక చూస్తూ ఇలవేల్పును తలుచుకుంటారు. గోడ అద్దాల ముందు మనుషులు ముఖం సర్దుకుంటారు, బొట్టు దిద్దుకుంటారు, లేని నవ్వు తెచ్చుకుంటారు. నా ముందు ఆ ఆటలు సాగవు. నేను వచ్చేసరికే నోరు బార్లా తెరిచి ఉంటుంది. అందుకే మనుషుల గురించి నాకు తెలిసినంత వాళ్ళింట్లో నిలువుటద్దానికి కూడా తెలియదని నా గర్వం. చిన్నవాళ్ళకు గర్వం కొంచెం ఎక్కువే ఉంటుంది, మన్నించండి.

నేను పుట్టింది ఎక్కడో ఉత్తరాదిన, పనిముట్లు చేసే కార్ఖానాలో. ఉక్కు కడ్డీని సాగదీశారు, నునుపు చేశారు, చివర మెడ కాస్త వంచి గుండ్రటి అద్దం బిగించారు. నాతో పాటు ఒకే అట్టపెట్టెలో పడుకుని వచ్చినవాళ్ళలో పన్ను పీకే పటకారు ఒకటి. దాన్ని చూస్తే మనుషులకు హడలు. నన్ను చూసి ఎవరూ హడలిపోరు కాబట్టి నన్ను ఎవరూ గుర్తూ పెట్టుకోరు. కాని ఏ పన్ను పీకాలో చెప్పేది నేను. ఈ సంగతి పటకారుకు చాలాసార్లు చెప్పి చూశాను, అది వినే రకం కాదు.

నన్ను మొదట చేత పట్టింది పేడాడ హైమావతి. అప్పటికి ఆ అమ్మాయి విశాఖపట్నంలో పళ్ళ వైద్యం చదువుతోంది. నాలో అంతా తిరగబడి కనిపిస్తుంది కదా, మొదట్లో కుడి దవడలో ఉన్న పుచ్చును ఎడమ దవడలో వెతికేది. హాస్టలు గదిలో స్నేహితురాళ్ళను మంచం మీద కూర్చోబెట్టి, మిరపకాయ బజ్జీలు లంచం పెట్టి, వాళ్ళ నోళ్ళలో నన్ను తిప్పుతూ నేర్చుకుంది. బజ్జీలు తిన్న నోట్లోకి వెంటనే వెళ్ళడం ఏమంత సుఖం కాదు. అయినా ఆ రోజులు నాకిష్టం. చదువు అయ్యాక హైమావతి నరసన్నపేటలో ఒక మందుల షాపు పైన రెండు గదులు అద్దెకు తీసుకుని బోర్డు కట్టింది. నేను ఆ బోర్డు కింద కాపురానికి వచ్చాను.

అక్కడ నేను చూసిన నోళ్ళ గురించి చెప్పాలంటే ఒక జన్మ చాలదు. ఒక తెలుగు మాస్టారు వచ్చేవారు. "నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది" అని బడిలో పిల్లలకు చెప్పి చెప్పి అలిసిపోయిన మనిషి. ఆయన నోరు తెరిస్తే నా ముఖానికి ఆవిరి పట్టింది సరే, వాసనకు దీపం కూడా మసకబారిందేమో అనిపించింది. ఇంకో పెద్దమనిషి, "రోజూ రెండు పూటలా తోముతానమ్మా" అన్నాడు. అతని చిగుళ్ళ నుంచి తాజా రక్తం కారుతోంది. ఏడాది పొడుగునా ముట్టని బ్రష్షును ఆ పొద్దున్నే పట్టుకుని, ఏడాది బాకీ అంతా ఒక్కసారి తీర్చాడన్నమాట. పరీక్ష రోజు పొద్దున్నే పుస్తకం తెరిచే విద్యార్థికి, ఇతనికి తేడా ఏముంది?  హైమావతి నన్ను అతని నోట్లో ఒక క్షణం ఎక్కువసేపు ఉంచింది, అంతే.

ఆ అమ్మాయికి ఒక పాట ఉంది. "నోరు ఒంటికి గుమ్మం అండీ. గుమ్మంలో చెత్త పోసుకుని ఇల్లు బాగుండాలంటే ఎలా?" కుర్చీ ఎక్కిన ప్రతివాళ్ళకీ ఇదే చెప్పేది. వాళ్ళు తల ఊపేవారు. నోట్లో గుడ్డ, గొట్టం, నేను ఉండగా తల ఊపడం తప్ప ఇంకేం చేయగలరు? పంటి నొప్పి తగ్గగానే గుమ్మం సంగతి మరిచిపోయి మెట్లు దిగిపోయేవారు. నేను కూడా ఆ మాటను సగమే నమ్మేదాన్ని. పళ్ళ డాక్టరు కాబట్టి పళ్ళ గొప్ప చెప్పుకుంటోంది అనుకునేదాన్ని. ప్రతి రోగి తరవాత నన్ను సబ్బునీళ్ళతో కడిగి ఆవిరిపెట్టెలో పెట్టి ఉడికించేవాళ్ళు. ఆ ఊరి హోటళ్ళలో ఇడ్లీలు ఉడికినన్ని సార్లు ఉడికి ఉంటాను నేను. అలా ఉడుకుతూ నా ముఖం మీద ఒక పక్కన సన్నగా మసక కమ్మింది.

ఆ రోజుల్లోనే పోలమ్మ వచ్చింది.

పోలమ్మది సముద్రం ఒడ్డున దిబ్బలపాలెం. చేపల గంప నెత్తిన పెట్టుకుని, ఇసక దాటి, ఊళ్ళు తిరిగి అమ్ముకుని వచ్చే మనిషి. యాభై దాటి ఉంటుంది. నిటారుగా నడుస్తుంది, గట్టిగా మాట్లాడుతుంది. ఆ రోజు మాత్రం కుడి కాలికి కట్టుతో, కోడలు నీలవేణి భుజం పట్టుకుని, మెట్టు మెట్టుకీ మమ్మల్ని తిట్టుకుంటూ ఎక్కింది.

"కాలు సూపించుకుందికి వత్తే నోరు తెరమంతారేటి? మోకాలికీ బోడిగుండుకీ ముడేసినట్టుంది మీ వైద్దెం."

"అత్తా, తవిటినాయుడు డాట్రుగారు సెప్పినారు కదా," అంది నీలవేణి. "నోట్లో రోగం తీరితేగాని కాలికి మందు పన్జెయ్యదని."

సంగతేమిటంటే, రేవులో వల దులుపుతుండగా పోలమ్మ కుడికాలి బొటనవేలికి జెల్ల చేప ముల్లు గుచ్చుకుంది. షుగరున్న ఒళ్ళు, నొప్పి తెలియలేదు. తెలిసేసరికి పుండయింది. షుగరు డాక్టరు తవిటినాయుడు గారు మందు మార్చారు, మోతాదు పెంచారు, కట్టు కట్టారు. షుగరు దిగలేదు, పుండు మానలేదు. ఒంట్లో ఇంకెక్కడో చీము దాక్కుని షుగరును దిగనివ్వడం లేదని ఆయనకు అనుమానం వచ్చింది. నోరు తెరవమన్నారు. తెరవగానే ఒక అడుగు వెనక్కి వేసి, చీటీ రాసి మా దగ్గరికి పంపారు. పంపేముందు ఒక మాట అన్నారట. పుండు ఎముకను పట్టుకుంటే బొటనవేలు తీసెయ్యక తప్పదని.

"ఏలు పోతే ఏటవుతాది, పది ఉన్నాయి కదా అంతారు సదువుకున్నోలు," అంది పోలమ్మ కుర్చీలో కూర్చుంటూ.  "నెత్తి మీద గంప, కాలి కింద ఇసక. బొటనేలు పట్టు మీదే నా నడకంతా తల్లీ. అది తీసేసినారంటే నాను నడవనేను. నడవకపోతే నాను పోలమ్మనే కాను, ఇంట్లో మూలనెట్టిన మూటని."

హైమావతి ఆమె చెయ్యి పట్టుకుంది. "వేలు పోనివ్వకుండా ఉండడానికే కదమ్మా ఇక్కడికొచ్చావు. ముందు నోరు తెరు."

పోలమ్మ తెరవలేదు. పక్కకు తిరిగి, కొంగు అడ్డం పెట్టుకుని, నోట్లోంచి ఏదో తీసింది. వేళ్ళ మధ్య చూస్తే చుట్ట. ఆరిపోయిన చుట్ట కాదు, ఎర్రగా రగులుతున్న చుట్ట. రగిలే కొస ఇంతసేపూ లోపల ఉంది! బయట బెంచీ మీద కూర్చుని, పక్కన కూర్చున్నవాళ్ళతో చేపల బేరాలు చెప్పి, మెట్లెక్కుతూ మమ్మల్ని తిట్టి, వేలి గురించి బాధపడి, ఇదంతా నోట్లో నిప్పు పెట్టుకునే చేసింది. నేను ఎన్నో నోళ్ళు చూసిన అద్దాన్నని చెప్పానా, ఆ క్షణాన నా గర్వం కాస్త దిగింది.

దీన్ని అక్కడ అడ్డచుట్ట అంటారు. ఆ తీరాన తరతరాలుగా ఆడవాళ్ళకు అలవాటు. సముద్రపు గాలికి బయట పెట్టిన నిప్పు నిలవదు, లోపల పెడితే ఆరదు. గంప పట్టుకున్న చేతులకు పని ఉండదు. అత్తమామలకు కనపడదు. లెక్క అంతా సరిగ్గానే వేసుకున్నారు పాపం, ఒక్క అంగిలిని తప్ప. మనిషి తన అంగిలిని తను చూసుకోలేడు కదా. కనపడనిదాన్ని లెక్కలోకి తీసుకోకపోవడం మనుషులకు ఎప్పటినుంచో ఉన్న అలవాటే.

నేను లోపలికి వెళ్ళాను. చిగుళ్ళు వాచి, పళ్ళను వదిలేసి, వేలితో నొక్కితే చీము. రెండు పళ్ళు ఊగుతున్నాయి. తల పైకెత్తి అంగిలి చూశాను. లేత ఎరుపుగా ఉండాల్సిన చోటు ఎండిన చెరువు మట్టిలా తెల్లగా బీటలు తీసి ఉంది. మధ్యమధ్య ఎర్రటి చుక్కలు. ఒక మూల చిన్న మచ్చ, మిగతా దానికంటే గట్టిగా. నాకు భయం వేసింది. హైమావతి చెయ్యి కూడా ఒక క్షణం ఆగడం నా కాడకు తెలిసింది.

ఆమె పోలమ్మ చేతికి పెద్ద అద్దం ఒకటి ఇచ్చి, నన్ను నోట్లో వంచి పట్టుకుని, నాలోంచి అంగిలిని ఆ పెద్ద అద్దంలోకి చూపించింది.

"ఓలమ్మ! అది నా నోరేనేటి?" అంది పోలమ్మ. "కాలిపోనాదేటి? నాకు నొప్పి నేదే!"

"కాలికి గుచ్చుకున్నప్పుడు నొప్పి పుట్టిందా?"

పోలమ్మ పెద్ద అద్దం దించి కాలి కట్టు వంక చూసుకుంది. పక్కనున్న నీలవేణి కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

హైమావతి విడమరిచి చెప్పింది. చిగుళ్ళలో చీమున్నన్నాళ్ళూ షుగరు దిగనంటుంది, షుగరు దిగనన్నాళ్ళూ చిగుళ్ళు మాననంటాయి, రెండూ ఒకదానికొకటి తోడుదొంగలు. ఈ దొంగలు ఇంట్లో ఉండగా కాలి పుండు మానదు. షుగరు మందు, కాలి కట్టు మానకుండా సాగాలి, దానితో పాటు నోరూ బాగుపడాలి. అంగిలి మీది మచ్చలోంచి చిన్న ముక్క తీసి విశాఖపట్నం పరీక్షకు పంపాలి. "ఇక ఆ నిప్పు నోట్లో పెట్టకూడదమ్మా," అంది చివర్లో. పోలమ్మ తల ఊపింది. ఆ తల ఊపడంలో ఉన్న మోసం అప్పటికి మాకెవరికీ తెలియదు. ఆమెకూ తెలియదు.

ఆ ముక్క తీసి పంపడానికి, చిగుళ్ళు శుభ్రం చేయడానికి కొన్ని పూటలు పట్టింది. ఊగుతున్న రెండు పళ్ళు తీయాలనేసరికి మళ్ళీ గొడవ.

"పై పన్ను పీకితే కంటి సూపు పోతాదంతారు. కాలు కోసం వత్తే కళ్ళు కూడా తీసేత్తావేటి?"

హైమావతి మత్తు సూది వేసింది, మాటల్లో పెట్టింది, పటకారుకు దక్కాల్సిన మర్యాద దక్కింది. పన్ను పళ్ళెంలో పడ్డాక అడిగింది, "ఇప్పుడు నేను కనిపిస్తున్నానా అమ్మా?"

పోలమ్మ దూది కరిచిపట్టుకునే ఒక కన్ను మూసి, మరో కన్ను మూసి పరీక్షించుకుంది. "కనిపిస్తన్నావు. నీ ముక్కుపుడక రాయి ఊడిపోనాది, అది కూడా కనిపిస్తంది." నిజమే. అది ఎప్పుడు ఊడిందో హైమావతికే తెలియదు.

నెల తిరక్కుండానే పోలమ్మ మళ్ళీ వచ్చింది. ఈసారి ముఖం వెలిగిపోతోంది. కుర్చీ ఎక్కుతూనే నోరు తెరిచింది. "మానేసినాను తల్లీ! అడ్డసుట్ట మానేసినాను. సూడు!"

నేను సంతోషంగా లోపలికి వెళ్ళి, అంతే తొందరగా విచారంలో పడ్డాను. అంగిలి మీది తెలుపు కాస్త తగ్గింది గాని చిగుళ్ళు నల్లబడుతున్నాయి. వాసన ఎక్కడికీ పోలేదు. పెదవి కొసన కొత్తగా కాలిన గుర్తు.

"పొగాకు వాసన వస్తోందేమిటమ్మా?"

"వత్తాది మరి. నోట్లో నిప్పెట్టొద్దన్నావు కదా, నిప్పు బయటికెట్టి కాలస్తన్నాను, మగోలు కాల్సినట్టు. గాలికి ఊరికూరికే ఆరిపోతంది, మల్లీ ఎలిగిస్తన్నాను. నీ మాట కోసం ఎన్ని అగ్గిపుల్లలు తగలేసినానో ఈ గుంటనడుగు!"

నీలవేణి తల దించుకుంది. హైమావతి ఒక్క క్షణం నోరు తెరుచుకుని ఉండిపోయి, తరవాత నవ్వు ఆపుకోలేకపోయింది. పోలమ్మ కూడా నవ్వింది, తన తెలివికి మెచ్చుకుంటున్నారనుకుని. నవ్వు తగ్గాక హైమావతి కుర్చీ పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. "నిప్పు ఒక్కటే కాదమ్మా శత్రువు. పొగాకు రక్తనాళాలను బిగించేస్తుంది. నీ బొటనవేలి దాకా రక్తం చేరాలంటే దారి ఉండాలి కదా. చుట్టను ఎటు తిప్పి కాల్చినా ఆ దారి మూసుకుపోతుంది."

పోలమ్మ నవ్వు ఆగిపోయింది. ఎందుకంటే అంతకు గంట ముందే తవిటినాయుడు గారి దగ్గర కట్టు విప్పారు. పుండు అంచు నల్లబడింది. ఆయన చచ్చిన చర్మం తీసేసి, ఇన్సులిన్ మొదలుపెట్టి, "వచ్చే పున్నమి దాకా చూస్తాను. అప్పటికీ నలుపు ఆగకపోతే వేలు తీసేద్దాం, లేకపోతే రేపు పాదం అడుగుతుంది," అన్నారు. మా మెట్లెక్కేటప్పుడు ఆ మాట మింగేసి, తను చేసిన ఘనకార్యం ఒక్కటే చెప్పుకోవాలని వచ్చింది పోలమ్మ. అంత సంతోషంగా వచ్చిన మనిషి అలా కుంగిపోవడం చూస్తే నాకు చాలా బాధ వేసింది. నన్నెవరూ తిప్పకపోయినా ఆ నోరు ఇంకోసారి చూడాలనిపించింది.

హైమావతి లేచి పనిముట్ల సొరుగు తెరిచింది, మూసింది, మళ్ళీ తెరిచింది. అప్పటికే నా బదులు కొత్త అద్దాలు వచ్చి ఉన్నాయి, నా మసక వల్ల నన్ను రేపో మాపో తీసేయాల్సిందే. నన్ను ఆవిరిపెట్టెలో ఉడికించి, తెల్లగుడ్డలో చుట్టి, పోలమ్మ చేతిలో పెట్టింది.

"ఇది నీదమ్మా. పొద్దున్నే పళ్ళు తోముకున్నాక గోడ అద్దం ముందు నిలబడి, దీన్ని నోట్లో పెట్టి అంగిలి చూసుకో. కాలికి కట్టు ఉంటుంది, లోపలేం జరుగుతోందో నీకు కనపడదు. నోరు కనపడుతుంది. చుట్ట ముట్టకపోతే అంగిలి ఎరుపు తిరుగుతుంది. అది తిరుగుతుంటే కాలికీ దారి తెరుచుకుంటోందని అనుకో. వాడిన ప్రతిసారీ మరిగే నీళ్ళలో వెయ్యి."

అలా నేను కుర్చీలు, దీపాలు వదిలేసి, పోలమ్మ నడుముకు దోపుకునే రొంటి సంచిలో దిబ్బలపాలెం చేరాను. ఆ సంచిలో అంతవరకూ పొగాకు ఉండేది. వాసన నాకు ఇప్పటికీ అంటుకునే ఉంది.

అక్కడి సంసారం మరో రకం. నన్ను మరిగించడానికి నీలవేణి ఒక చిన్న గిన్నె కేటాయించింది. ఉదయం పోలమ్మ గోడ అద్దం ముందు నోరు తెరిచి నిలబడితే, కోడలు సెల్‌ఫోన్ దీపం పట్టుకునేది. "ఎడం పక్కకి అత్తా... అటు కాదు, అది నీ ముక్కు." పోలమ్మ నాతోనే తగాదా పడేది, "ఇదేటి, నాను ఇటు తిప్పితే అటెల్తాది" అని. మొదటి రోజులు నరకం. చుట్ట లేక కోడలి మీద అరిచింది, కోళ్ళ మీద అరిచింది, ఊరికే పడుకున్న సముద్రం మీద కూడా అరిచింది. నోరు ఊరుకోక ఎండు ఉసిరి ముక్క దవడన పెట్టుకునేది.

ఆ రోజుల్లో ఒక మధ్యాహ్నం జరిగింది మాత్రం నేను మరవలేను. ఒడ్డుకు లాగిన పడవ నీడన పోలమ్మ, ఆమె నేస్తం ఎర్రమ్మ కూర్చున్నారు. చిన్నప్పటినుంచి కలిసి చుట్ట కాల్చినవాళ్ళు. ఎర్రమ్మ రెండు చుట్టలు చుట్టి, రెండూ వెలిగించి, ఒకటి పోలమ్మ చేతికిచ్చింది.

"ఒక్కటి కాల్సితే ఏటీ కాదు. ఎంతకని నోరు కట్టుకుంతావే?"

పోలమ్మ తీసుకుంది. అవును, తీసుకుంది. చుట్ట పెదవి దాకా వెళ్ళింది. నేను రొంటి సంచిలో ఉండి అరిచాను, వినేవాళ్ళెవరు? అప్పుడు ఏమనుకుందో ఏమో, చుట్టను ఎడమ చేతికి మార్చుకుని, కుడి చేత్తో నన్ను బయటికి లాగింది.

"ఒలే, నీ నోరు తెరు ముందు."

"ఎందుకే?"

"తెరవే!"

ఎర్రమ్మ తన చుట్ట బయటికి తీసి నోరు తెరిచింది. ఎండ సూటిగా పడుతోంది. నేను లోపలికి వెళ్ళి చూపించాను. పోలమ్మ చాలాసేపు చూసింది. తన అంగిలిని ఇన్నాళ్ళూ వంకర అద్దంలో, ఫోను వెలుతురులో, సగం సగం చూసుకుంది. ఇప్పుడు పట్టపగలు, ఎదుటి మనిషి నోట్లో అదే తెలుపు, అవే బీటలు, అవే ఎర్రచుక్కలు. తను ప్రాణంగా చూసుకునే మనిషి నోట్లో.

పోలమ్మ చుట్టను ఇసకలో కుక్కేసింది. ఎర్రమ్మ చేతిలోది కూడా లాక్కుని కుక్కేసింది. "రేపు నాతో డాట్రమ్మ కాడికి రాకపోతే నీతో మాటాడను," అంది, ఏడుస్తూ. ఎర్రమ్మ తిట్టింది. కాని మర్నాడు వచ్చింది.

పున్నమికి ముందే విశాఖపట్నం నుంచి పరీక్ష ఫలితం వచ్చింది. కేన్సరు కాదు. "కాదు గాని, దాని వీధి గుమ్మం దాకా వెళ్ళి వచ్చావమ్మా. ఇక ఆ వీధిలోకి వెళ్ళకు. ఆరేసి నెలలకు ఒకసారి చూపించుకోవాలి," అంది హైమావతి. పోలమ్మ నన్ను బయటికి తీసి కళ్ళకద్దుకుంది. సిగ్గుపడే అవయవం నాకు లేదు కాబట్టి సరిపోయింది.

పున్నమి నాడు తవిటినాయుడు గారు కట్టు విప్పారు. పోలమ్మ గోడకు తిరిగి కూర్చుంది, చూడనంది. నీలవేణి చూసింది. నల్లటి అంచు లోపలికి పాకలేదు. అడుగునుంచి ఎర్రగా, తడిగా, కొత్త కండ పుడుతోంది. ఆయన కళ్ళజోడు సర్దుకుని ఇంకోసారి చూసి, "షుగరు దిగింది, పుండు దారిలోకి వచ్చింది. వేలు నీతోనే ఉంటుంది పోలమ్మా," అన్నారు.

 పోలమ్మ గోడ వదిలి ఇటు తిరిగి ఆయన మీద విరుచుకుపడింది. "ఆ మాట మొన్న సెప్పుంటే ఏటి? పదేన్రోజులు నాను అన్నం తిన్నానా, నిదరోయినానా?" ఆయన నవ్వుతూ చేతులు జోడించారు. ఆ తిట్లు దండలాగే వేసుకున్నారు.

అన్నం సంగతి వచ్చింది కాబట్టి ఇంకో ముచ్చట చెప్పాలి. ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం నీలవేణి చేపల పులుసు వడ్డించింది. పోలమ్మ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయింది. "ఒలే, ఇదేటే ఇంత ఉప్పు? సముద్రం నీలు పోసి వండినావేటి?"

నీలవేణి గరిటె పట్టుకుని నిలబడిపోయింది. "ఎప్పుడూ ఏసినంతే ఏసినానత్తా. నువ్వే కదా సప్పగుంది, సప్పగుంది అని తిట్టేదానివి. నీ కోసమని ఇంతింత ఏత్తన్నాను."

అప్పటికి తెలిసింది అందరికీ. కాలిపోయిన అంగిలికి రుచి తెలియక పోలమ్మ ఉప్పు అడిగింది, అత్తకు జడిసి కోడలు వేసింది, ఇంటిల్లిపాదీ ఏళ్ళ తరబడి మాట్లాడకుండా తిన్నారు. పోలమ్మ కొడుక్కి, అదే నీలవేణి మొగుడికి, బీపీ ఎందుకొచ్చిందా అని డాక్టర్లు జుట్టు పీక్కుంటున్నారు. పోలమ్మ కంచం మీదికి వంగి నవ్వడం మొదలుపెట్టింది. నీలవేణి మొదట బిక్కముఖం పెట్టి, తరవాత తనూ నవ్వి, చివరికి ఇద్దరూ ఏడ్చారు. హైమావతి పాడే గుమ్మం పాట పూర్తిగా నమ్మింది నేను ఆ రోజే. ఒక్క నోరు చెడితే ఎంతమంది ఒళ్ళు చెడతాయో, ఒక్క నోరు బాగుపడితే పులుసు దగ్గర్నుంచి కాలివేలి దాకా ఎన్ని బాగుపడతాయో కళ్ళారా చూశాను.

ఇప్పుడు నా ముఖం ఇంకా మసకబారింది. అయినా పడవ నీడన ఆడవాళ్ళు నన్ను ఖాళీగా ఉండనివ్వరు. పోలమ్మ ఒక్కొక్కరి నోరు తెరిపించి, చూసి, మధ్యమధ్య నన్ను మరిగించి, తెల్లగా ఉన్నవాళ్ళను తిట్టి నరసన్నపేట పంపిస్తుంది. తిట్టడం ఆమె వైద్యం, మందులు హైమావతివి. అందరూ మానేశారని అబద్ధం చెప్పను. కొందరు ఆమెను చూసి చుట్ట కొంగులో దాచుకుంటారు. కొందరు నిజంగానే మానేశారు.

పుండు పూర్తిగా మానాక పోలమ్మ మళ్ళీ గంప ఎత్తుకున్న రోజు గురించి చెప్పి ఊరుకుంటాను. చెప్పులు లేకుండా అడుగు వెయ్యొద్దని తవిటినాయుడు గారు గట్టిగా చెప్పారు. కొత్త చెప్పులు కొనిచ్చి నీలవేణి గుమ్మంలో కాపలా కాసింది. పోలమ్మ బుద్ధిగా చెప్పులు తొడుక్కుని, గంప నెత్తిన పెట్టుకుని, పడవల వరస దాటే దాకా అలాగే నడిచింది. నేను రొంటి సంచిలోంచి మెడ బయటికి పెట్టి చూస్తున్నాను. అక్కడ ఆగింది. వెనక్కి తిరిగి, కోడలు కనపడడం లేదని చూసుకుంది. అల వెనక్కి వెళ్ళిన తడి ఇసక మీద, కుడికాలి చెప్పు విడిచి, ఒక్క అడుగు వేసింది. బరువంతా ఆ కాలి మీద ఆనించి నిలబడింది. గంప కదల్లేదు.

కాలు తీసి, గంప చేత్తో పట్టుకుని వంగి చూసింది. ఇసకలో పాదం అచ్చు పడింది. ఐదు వేళ్ళూ ఉన్నాయి. బొటనవేలి గుంట అన్నిటికంటే లోతుగా దిగింది.

అంతలో అల వచ్చి దాన్ని చెరిపేసింది. "పోతే పోనాదిలే," అని పోలమ్మ ఇంకో అడుగు వేసింది.